వెండి కణాల రంగు, హిమాయత్ సాగర్ నీరు

హైదరాబాదు చరిత్రలో 1908వ సంవత్సరం మూసీ వరదతో ముడిపడి ఉంది. ఆ ఏడాది సెప్టెంబరు 28న నది పొంగి నగరాన్ని ముంచెత్తడం, మరుసటి ఏడాది మోక్షగుండం విశ్వేశ్వరయ్యను రప్పించి వరద నివారణ పథకం తయారుచేయించడం, ఆ పథకం ఫలితంగా మూసీ మీద ఉస్మాన్ సాగర్, దాని ఉపనది ఈసీ మీద హిమాయత్ సాగర్ వెలవడం నగరవాసులు తరచూ వినే సంగతులే. 1927లో పూర్తయిన రెండో జలాశయానికి ఏడో నిజాం పెద్ద కుమారుడు హిమాయత్ అలీ ఖాన్ పేరు పెట్టారు. సరిగ్గా ఆ 1908లోనే, జర్మనీలోని గ్రైఫ్స్‌వాల్డ్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న గుస్తావ్ మీ అనే భౌతికశాస్త్రవేత్త, నీటిలో తేలే అతి సూక్ష్మమైన బంగారు రేణువులు ఎర్రగా ఎందుకు కనిపిస్తాయన్న ప్రశ్నకు గణితపరమైన సమాధానం చెబుతూ ఒక సుదీర్ఘ వ్యాసం ప్రచురించాడు. ఈ రెండు సంఘటనలకు పరస్పర సంబంధం ఏమీ లేదు. కాని, తాగునీటిలో పాదరసం వంటి విషపదార్థాలు ఉన్నాయో లేదో వెండి, బంగారు కణాల రంగు మార్పును బట్టి తెలుసుకునే పరీక్షలు హైదరాబాదు ప్రయోగశాలల్లోనే రూపొందుతున్న ఈ రోజుల్లో, ఆ జర్మన్ శాస్త్రవేత్త సమీకరణాలు ఈసీ నది నీటి దాకా వచ్చాయనడం అతిశయోక్తి కాదు.

హిమాయత్ సాగర్ నీటి రక్షణ కొత్త సమస్య కాదు. జలాశయాల పూర్తి నీటిమట్టం నుంచి 10 కిలోమీటర్ల పరిధిలో కాలుష్య కారక పరిశ్రమలను, భారీ నిర్మాణాలను నిషేధిస్తూ 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 111వ నంబరు ఉత్తర్వును జారీ చేసింది. 84 గ్రామాలు దాని పరిధిలోకి వచ్చాయి. శంషాబాద్ మండలం పెద్దషాపూర్‌లో ఆముదం నూనె ఉత్పత్తుల పరిశ్రమ ఒకటి నెలకొల్పాలన్న ప్రయత్నం సుప్రీంకోర్టు దాకా వెళ్లినప్పుడు, 1999 జనవరిలో జస్టిస్ ఎం. జగన్నాధరావు రాసిన తీర్పు ముందుజాగ్రత్త సూత్రాన్ని వివరంగా చర్చించి, హాని జరగదని నిరూపించే భారం పరిశ్రమ పెట్టదలచినవారిదేనని చెప్పింది. 2008 మార్చి 23న శంషాబాద్‌లో అంతర్జాతీయ విమానాశ్రయం మొదలైన తరువాత ఆ ప్రాంతపు రూపురేఖలు వేగంగా మారాయి. 2022 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 69వ నంబరు ఉత్తర్వుతో పాత ఆంక్షలను ఎత్తివేసింది. ఆంక్షలు ఉండాలా వద్దా అన్న వాదం ఎటు తేలినా, నీటిని ఎప్పటికప్పుడు పరీక్షించవలసిన అవసరం మాత్రం పెరిగిందే గాని తగ్గలేదు.

నీటిలోని పాదరసాన్ని, సీసాన్ని కచ్చితంగా కొలిచే యంత్రాలు పెద్ద ప్రయోగశాలల్లో ఉన్నాయి. వాటి లెక్కలకు తిరుగులేదు. అయితే వాటి ఖరీదు ఎక్కువ, వాటికి శిక్షణ పొందిన సిబ్బంది కావాలి, సీసాలో పట్టిన నీరు అక్కడిదాకా చేరాలి, ఫలితం రావడానికి సమయం పడుతుంది. కట్ట మీదనే పరీక్ష నాళికలో రెండు చుక్కలు కలిపి రంగు చూసి ప్రాథమికంగా ఒక అంచనాకు రాగలిగితే, ఏ సీసాను పెద్ద ప్రయోగశాలకు పంపాలో తేల్చుకోవచ్చు. నానో కణాల సెన్సర్లకు ఉన్న ప్రయోజనం ఇదే. అవి పెద్ద యంత్రాలకు ప్రత్యామ్నాయమని చెప్పే ప్రచారాన్ని అంతగా నమ్మనక్కరలేదు.

నానోమీటరు అంటే మిల్లీమీటరులో పది లక్షల వంతు. లోహంలో కొన్ని ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువుకూ కట్టుబడకుండా స్వేచ్ఛగా తిరుగుతుంటాయి. పది, ఇరవై నానోమీటర్ల వెడల్పున్న లోహపు గోళం మీద కాంతి పడినప్పుడు, కాంతి తరంగంలోని విద్యుత్ క్షేత్రం ఆ ఎలక్ట్రాన్ల సమూహాన్ని మొత్తంగా ఒక పక్కకు నెడుతుంది. నెట్టినవైపు ఋణావేశం, వదిలినవైపు ధనావేశం పోగుపడి, ఆ రెంటి ఆకర్షణ ఎలక్ట్రాన్లను వెనక్కి లాగుతుంది. క్షేత్రం దిశ మారగానే అవి రెండో పక్కకు కదులుతాయి. ఈ సామూహిక డోలనానికే ప్లాస్మాన్ అని పేరు. డోలనానికి సహజంగా ఉన్న పౌనఃపున్యం, వచ్చిపడే కాంతి పౌనఃపున్యం ఒకటైనప్పుడు కణం ఆ కాంతిని అమితంగా శోషించుకుంటుంది, పరిక్షేపిస్తుంది; దీనిని అనునాదం అంటారు. ఏ తరంగదైర్ఘ్యం దగ్గర ఎంత కాంతి తగ్గిందో స్పెక్ట్రోఫోటోమీటరుతో కొలిచి గీసిన వక్రరేఖలో, అనునాదం ఉన్నచోట ఒక శిఖరం లేస్తుంది. చిన్న బంగారు గోళాలకు నీటిలో ఆ శిఖరం 520 నానోమీటర్ల దగ్గర, అంటే ఆకుపచ్చ కాంతి ఉన్నచోట వస్తుంది. ఆకుపచ్చ పోయిన తెల్ల కాంతి కంటికి ఎరుపుగా తోస్తుంది. వెండి గోళాలకు శిఖరం 400 నానోమీటర్ల ప్రాంతంలో, ఊదా అంచున ఉంటుంది కాబట్టి ఆ ద్రవం పసుపు కలిపిన నీళ్లలా కనిపిస్తుంది.

బంగారు కణాల ఈ ఎరుపును మొదట శ్రద్ధగా పరిశీలించినవాడు మైకేల్ ఫారడే. 1857లో ఆయన లండన్ రాయల్ సొసైటీలో చేసిన ఉపన్యాసం బంగారానికి, కాంతికి ఉన్న సంబంధం గురించినదే. రేణువులు కంటికి కనిపించనంత చిన్నవి కావడమే రంగుకు మూలమని ఆయన సరిగానే ఊహించాడు గాని, అంకెల్లో చెప్పగల సిద్ధాంతం అప్పటికి లేదు. మాక్స్‌వెల్ సమీకరణాలు వచ్చిన తరువాతగాని గుస్తావ్ మీ పని సాధ్యం కాలేదు. గోళం వ్యాసం, గోళంలోని పదార్థపు ధర్మం, చుట్టూ ఉన్న మాధ్యమపు ధర్మం అనే మూడు సంగతులు తెలిస్తే చాలు, ఏ రంగు కాంతి ఎంత శోషణకు, ఎంత పరిక్షేపణకు గురవుతుందో ఆయన లెక్కతో ముందే చెప్పవచ్చు. గోళం కాంతి తరంగం కన్నా చాలా చిన్నదైనప్పుడు ఆ లెక్క ఒక్క నిబంధనకు కుదించుకుపోతుంది: లోహపు డైఎలక్ట్రిక్ స్థిరాంకం, మాధ్యమపు స్థిరాంకానికి రెండు రెట్లయి, దానికి ముందు ఋణ చిహ్నం ఉన్నచోట అనునాదం వస్తుంది. డైఎలక్ట్రిక్ స్థిరాంకం అనేది విద్యుత్ క్షేత్రానికి పదార్థం ఏ మేరకు స్పందిస్తుందో తెలిపే సంఖ్య; లోహాల్లో కాంతి పౌనఃపున్యాల వద్ద ఇది ఋణ సంఖ్య, పైగా రంగును బట్టి మారుతుంది.

ఈ నిబంధనను ఒకసారి అంకెల్లో పెట్టి చూడవచ్చు. కాంతి ఒక మాధ్యమంలో ఎంత నెమ్మదిస్తుందో చెప్పే వక్రీభవన గుణకం నీటికి 1.33. దాని వర్గమే మాధ్యమపు డైఎలక్ట్రిక్ స్థిరాంకం, అంటే 1.77; దానికి రెండు రెట్లు 3.54. బంగారం, వెండి, రాగి లోహాల కాంతి ధర్మాలను జాన్సన్, క్రిస్టీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1972లో కొలిచి పట్టికలుగా ప్రచురించారు; నేటికీ ఈ రంగంలోని లెక్కలు చాలావరకు ఆ పట్టికల మీదే నడుస్తున్నాయి. వాటిలో బంగారం స్థిరాంకం ఋణ 3.54 అయ్యే చోటు వెదికితే 515 నానోమీటర్ల దరిదాపుల్లో దొరుకుతుంది. ప్రయోగంలో కనిపించేది 520. బంగారం లోపల ఉండే ఇతర శోషణను కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ కాస్త తేడాకూ కారణం తెలుస్తుంది. వెండికి ఇదే పని చేస్తే 380 పైచిలుకు వస్తుంది. కణం చుట్టూ జిగురు వంటి పూత ఉంటే శిఖరం 400 వైపు జరుగుతుంది. సామాన్యమైన కూడిక, గుణకారంతో ఇంత దగ్గరి ఫలితం వచ్చే సందర్భాలు భౌతికశాస్త్రంలో ఎక్కువేమీ లేవు.

సెన్సర్ విషయానికి వస్తే, శిఖరం ఎక్కడ ఉందన్న దానికన్నా అది ఎటు, ఎంత జరుగుతుందన్నదే ముఖ్యం. కణం చుట్టూ ఉన్న మాధ్యమపు వక్రీభవన గుణకం పెరిగితే శిఖరం ఎక్కువ తరంగదైర్ఘ్యం వైపు, అంటే ఎరుపు వైపు జరుగుతుంది. గుణకం ఒక యూనిట్ పెరిగితే ఎన్ని నానోమీటర్ల స్థానభ్రంశం కలుగుతుందో చెప్పే సంఖ్యను ఆ కణం సున్నితత్వం అంటారు. 2008లో ప్రచురితమైన కొలతల్లో 15 నానోమీటర్ల బంగారు గోళాలకు ఇది 44 ఉండగా, కొమ్మలు చాచినట్టున్న బంగారు కణాలకు 703 వచ్చింది. ఆకారం మారితే అనునాదం ఎరుపు వైపుకు పోతుంది, అక్కడ సున్నితత్వం పెరుగుతుంది. గోళం కన్నా కడ్డీ, కడ్డీ కన్నా కొమ్మల కణం మెరుగన్న మాట. ఆ మేరకు శిఖరం వెడల్పు కూడా తరచు పెరుగుతుంది. పలచగా పరుచుకున్న గుట్టకు శిఖరాగ్రం ఎక్కడుందో గుర్తించడం కష్టం గనుక, ఒక్క సున్నితత్వాన్నే చూపి సెన్సర్ గొప్పదనం చాటడం సరైన పద్ధతి కాదు. దానిని శిఖరం వెడల్పుతో భాగించి వచ్చిన సంఖ్యను పోల్చడమే న్యాయం.

ఇప్పుడు జలాశయపు నీటిని ఉదాహరణగా తీసుకుంటే ఈ లెక్క ఎంత నిర్మొహమాటంగా మాట్లాడుతుందో అర్థమవుతుంది. లీటరు నీటిలో గ్రాము ఉప్పు కరిగితే వక్రీభవన గుణకం సుమారు 0.00017 పెరుగుతుంది. భారత ప్రమాణాల సంస్థ వారి ఐఎస్ 10500 ప్రమాణం తాగునీటిలో కరిగిన ఘనపదార్థాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల వరకు ఆమోదయోగ్యమంటుంది. ఆ 500 మిల్లీగ్రాములూ కలిసి 44 సున్నితత్వమున్న గోళపు శిఖరాన్ని నానోమీటరులో వెయ్యింట నాలుగు వంతులు మాత్రమే జరపగలవు. నీటి ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే గుణకం 0.001 తగ్గుతుంది, దానివల్ల శిఖరం వందింట నాలుగు వంతులు ఎదురు దిశలో కదులుతుంది. అంటే మాఘమాసపు నీటికీ వైశాఖమాసపు నీటికీ ఎండ తెచ్చే తేడా, అందులోని లవణాలన్నీ తెచ్చే తేడాకు పది రెట్లు. ఇక పాదరసం సంగతి చెప్పనే అక్కరలేదు. ప్రమాణం అనుమతించే గరిష్ఠ మోతాదు లీటరుకు 0.001 మిల్లీగ్రాము, అంత స్వల్ప పరిమాణం మాధ్యమపు గుణకాన్ని మార్చడం ద్వారా కలిగించగల స్థానభ్రంశం నానోమీటరులో కోటింట ఒక వంతుకన్నా తక్కువ. సాధారణ స్పెక్ట్రోఫోటోమీటరు గుర్తించగలిగేది పదింట ఒక వంతు. కాబట్టి కణాలను నీటిలో వేసి శిఖరం దానంతటదే జరుగుతుందని ఎదురుచూడడం వృథా. విషపదార్థాన్ని కణం ఉపరితలం మీదికి రప్పించే రసాయన చర్య ఏదో ఒకటి ఉండి తీరాలని, ప్రయోగానికి ముందే, కాగితం మీది లెక్క తేల్చి చెబుతుంది.

ఉపరితలం ఎందుకు ముఖ్యమో కూడా లెక్కలోనే ఉంది. అనునాదంలో కణం చుట్టూ ఏర్పడే విద్యుత్ క్షేత్రం కొద్ది నానోమీటర్ల దూరంలోనే క్షీణిస్తుంది. కణానికి అంటుకున్న పదార్థాన్నే అది గట్టిగా పట్టించుకుంటుంది, దూరంగా ఉన్నదానిని దాదాపు పట్టించుకోదు. సున్నితత్వం 200 ఉన్న కణాన్ని, క్షేత్రపు వ్యాప్తి 6 నానోమీటర్లని అనుకుంటే, 1.45 గుణకం ఉన్న ప్రోటీను పొర 3 నానోమీటర్ల మందాన అంటుకున్నప్పుడు శిఖరం 15 నానోమీటర్లు జరుగుతుంది. దాని మీద అంతే మందాన మరో పొర చేరితే అదనంగా జరిగేది ఐదున్నర మాత్రమే. అమెరికాలో రిచర్డ్ వాన్ డైన్ బృందం విరివిగా వాడుకలోకి తెచ్చిన ఈ తరహా ఘాతీయ సూత్రం, మొదటి పొరకే విలువ ఎక్కువని అంకెల్లో చూపుతుంది.

శిఖరాన్ని జరిపే మూడో మార్గం ఒకటి ఉంది. కణాలు విడివిడిగా ఉన్నంతకాలం వాటి డోలనాలు వేటికవే. అవి గుమిగూడి ఒకదానికొకటి చేరువైతే ఒకదాని క్షేత్రం రెండోదాన్ని ప్రభావితం చేసి, శిఖరం పదుల నానోమీటర్ల మేర ఎరుపు వైపు జరిగి, వెడల్పవుతుంది. ఎర్రని బంగారు ద్రవం నీలంగా మారడం కంటికే తెలుస్తుంది. అమెరికాకు చెందిన చాడ్ మిర్కిన్ బృందం 1996లో డీఎన్‌ఏ పోగులతో బంగారు కణాలను కలిపి కట్టి ఈ మార్పును పరీక్షగా మలచింది. అయితే కణాలు ఒకచోట చేరడానికి కావలసినది అసలు విషపదార్థమే కానక్కరలేదు; నీటిలో కాస్త ఉప్పు ఎక్కువైనా చాలు, కణాల మీది ఆవేశాలు కప్పబడి అవి గుంపు కడతాయి. శుద్ధమైన నీటిలో అద్భుతంగా పనిచేసిన సెన్సర్ చెరువు నీటిలో తప్పుడు సమాధానం ఇవ్వడానికి తరచు కారణం ఇదే.

ఈ చిక్కుకు హైదరాబాదులో దొరికిన ఒక పరిష్కారం ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. తెలుగు నేల మీది పొడి కొండల్లో, ఎండకాలంలో ఆకులన్నీ రాల్చి పెద్ద పెద్ద పసుపు పూలు పూసే కొండగోగు చెట్టు బెరడు నుంచి బంక కారుతుంది. గిరిజనులు దానిని సేకరించి అమ్ముతారు. ఉస్మానియా విశ్వవిద్యాలయపు జీవరసాయన శాస్త్ర విభాగానికి చెందిన ఆర్.బి. శశిధర్, భాభా అణు పరిశోధన కేంద్రానికి అనుబంధంగా ఈసీఐఎల్ ప్రాంతంలో ఉన్న, పదార్థాల కూర్పును నిర్ధారించే జాతీయ కేంద్రంలోని జె. అరుణాచలం, అరుణజ్యోతి కోరా తదితరులు కలిసి, ఈ బంకతో వెండి నానో కణాలు చేయవచ్చని 2010లో చూపారు. బంకలోని చక్కెరల వంటి అణువులు వెండి లవణాన్ని క్షయకరించి లోహంగా మారుస్తాయి, ఆపైన ఆ లోహపు కణాలను చుట్టుకుని అవి కలిసిపోకుండా కాపాడతాయి. ఒకే పదార్థం రెండు పనులూ చేయడం వల్ల వేరే రసాయనం అక్కరలేదు. ఇదే వరుసలో లోరీ రస్తోగి, శశిధర్, కరుణాసాగర్, అరుణాచలం 2014లో ప్రచురించిన పత్రం, ఈ కణాలతో నీటిలోని పాదరసపు అయాన్లను నేరుగా గుర్తించే పద్ధతిని వివరించింది. కణాల సగటు వ్యాసం 5 నానోమీటర్లు. ఆమ్లత్వం, క్షారత్వం చాలా మేరకు మారినా, లవణం చేరినా అవి గుమిగూడలేదు. పాదరసం కలిపినకొద్దీ వాటి ప్రకాశవంతమైన పసుపు రంగు క్రమంగా వెలిసిపోయింది; ఎంత పాదరసం చేరితే అంత వెలసిపోవడమే కొలతకు ఆధారమైంది. ఇతర అయాన్లు ఆ రంగును కదిలించలేదు. ఆ పద్ధతిని భూగర్భజలాల నమూనాల మీద కూడా ప్రయోగించి చూశారు.

పాదరసమే ఎందుకు ఈ పని చేయగలుగుతుందన్న ప్రశ్నకు విద్యుద్రసాయన శాస్త్రం సమాధానమిస్తుంది. ఎలక్ట్రాన్లను లాక్కునే శక్తిని వోల్టుల్లో కొలిచే ప్రామాణిక పట్టికలో పాదరసపు అయాన్‌కు 0.85, వెండికి 0.80, రాగికి 0.34 ఉండగా, సీసానికి సున్నా కన్నా తక్కువ విలువ ఉంది. తేడా స్వల్పమే అయినా పాదరసం వెండిది పైచేయి కానివ్వదు: వెండి పరమాణువుల నుంచి ఎలక్ట్రాన్లు తీసుకుని తాను లోహంగా మారి కణం మీద చేరుతుంది, వెండి అయాన్లుగా కరిగిపోతుంది. రాగికీ సీసానికీ ఆ బలం లేదు. వెండి తగ్గిపోవడం వల్ల శిఖరం ఎత్తు పడిపోతుంది. వెండి మీద పాదరసం చేరినప్పుడు శిఖరం సాధారణంగా తక్కువ తరంగదైర్ఘ్యం వైపు, అంటే నీలం వైపు జరుగుతుంది. ముందుగా లెక్కవేసుకోవడం వల్ల కలిగే ప్రయోజనం ఇక్కడ స్పష్టంగా కనబడుతుంది. నీటిలోని కుళ్లిన ఆకుల నుంచి వచ్చిన సేంద్రియ పదార్థం కణం మీద పూతలా చేరితే శిఖరం ఎరుపు వైపు కొద్దిగా జరుగుతుంది గాని ఎత్తు తగ్గదు. లవణం వల్ల గుమిగూడితే ఎరుపు వైపు చాలా జరిగి, వెడల్పై, ఎత్తు తగ్గుతుంది. పాదరసం పట్టితే ఎత్తు తగ్గుతూ నీలం వైపు కదులుతుంది. వెలసిన రంగును మాత్రమే చూసే కంటికి రెండో సందర్భం, మూడో సందర్భం ఇంచుమించు ఒకటిగా తోచవచ్చు. మొత్తం వక్రరేఖను చూసేవారికి అవి రెండు వేరు వేరు కథలు.

ఈ పద్ధతికి ఉన్న పరిమితిని దాచనక్కరలేదు. పత్రం పేర్కొన్న కొలత హద్దు లీటరుకు సుమారు 50 నానోమోల్. పాదరసపు పరమాణు భారం 200.6 కాబట్టి అది లీటరుకు 10 మైక్రోగ్రాములు, అంటే 0.01 మిల్లీగ్రాము. పరిశ్రమలు నదీజలాల్లోకి వదిలే వ్యర్థజలాలకు పర్యావరణ నిబంధనలు విధించిన హద్దు కూడా సరిగ్గా అంతే. తాగునీటి హద్దు దానికి పదో వంతు. కొండగోగు కణాల పరీక్ష ఒక కర్మాగారపు కాలువ దగ్గర ఉపయోగపడేంత పదునైనదే గాని, జలాశయం నుంచి కొళాయికి చేరే నీటిని నిర్దోషి అని ప్రకటించేంత పదునైనది కాదు. నానో సెన్సర్ల మీద వెలువడే వార్తల్లో ఈ రెండు హద్దుల తేడా చెప్పడం అరుదు.

హైదరాబాదు రెండో అంచున, గచ్చిబౌలిలోని కేంద్రీయ విశ్వవిద్యాలయంలో సోమా వేణుగోపాలరావు బృందం లేజర్ కిరణాలతో ద్రవంలోని లోహపు పలకలను చెక్కి కణాలు తయారుచేసి, వాటి మీద చేరిన పేలుడు పదార్థాల అణువులను రామన్ పరిక్షేపణంతో, అంటే అణువులు రంగు మార్చి చెదరగొట్టిన కాంతితో, గుర్తించే పని చేస్తోంది. అక్కడ కూడా అనునాదాన్ని ముందుగా లెక్కించక తప్పదు; ఎందుకంటే పరీక్షకు వాడే లేజరు 785 నానోమీటర్లదైతే, 520 దగ్గర శిఖరమున్న విడి గోళాలు దానికి అంతగా తోడ్పడవు, గుంపులో, పొడవాటి ఆకారాలో కావాలి. సి.వి. రామన్ శిష్యుడై, వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి 1940లో కాంతి పరిక్షేపణం మీద ప్రామాణిక గ్రంథం వెలువరించి, తరువాత ఉస్మానియాకు ఉపకులపతి అయిన సూరి భగవంతం కాలం నుంచి తెలుగు నేలలో ఈ శాస్త్రానికి కొనసాగింపు ఉందని ఈ సందర్భంలో గుర్తుచేసుకోవచ్చు. గోళం కాని ఆకారాలకు గుస్తావ్ మీ పరిష్కారం నేరుగా చెల్లదు. వాటిని చిన్న చిన్న ముక్కలుగా విభజించి కంప్యూటరు మీద లెక్కగట్టాలి, అందుకు గంటలు పట్టవచ్చు. అమెరికాలో 2018లో ఒక బృందం పొరలు పొరలుగా ఉన్న గోళాల లెక్కలతో కృత్రిమ న్యూరల్ నెట్‌వర్క్‌కు శిక్షణనిచ్చి, వర్ణపటాన్ని క్షణాల్లో అంచనా కట్టడమే గాక, కావలసిన వర్ణపటం చెబితే కణం ఎలా ఉండాలో కూడా చెప్పించింది. యంత్రం చెప్పే జవాబు దానికి నేర్పిన కణాల పరిధిలోనే నమ్మదగినదన్న సంగతి మరవకూడదు. చెట్టు బంకతో చేసిన కణాలన్నీ ఒకే కొలతలో రావు.

ఆ అసమానతను అంకెల్లో చూడడం మేలు. 2014 నాటి పత్రం సగటు 5 నానోమీటర్లతో పాటు 2.8 నానోమీటర్ల వ్యత్యాసాన్నీ ఇచ్చింది. 5 నానోమీటర్ల వెండి గోళంలో సుమారు 3,800 పరమాణువులు ఉంటాయి. వ్యత్యాసపు కింది అంచున ఉన్న 2.2 నానోమీటర్ల కణంలో 330కి మించవు. పై అంచున ఉన్న 7.8 నానోమీటర్ల కణంలో 14,500 దాకా ఉంటాయి. అదే సంఖ్యలో పాదరసపు అయాన్లు తగిలినా చిన్న కణం రూపు మారిపోతుంది, పెద్ద కణానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. స్పెక్ట్రోఫోటోమీటరు చూసేది వీటన్నిటి మొత్తాన్ని. కాంతి శోషణలో పెద్ద కణాల వాటా ఎక్కువ గనుక, మార్పు కనిపించడం ఆలస్యమవుతుంది.

కొలత హద్దును పది రెట్లు కిందికి తేవడమెలాగో కూడా ఇదే లెక్క సూచిస్తుంది. లీటరు ద్రవంలో 10.8 మిల్లీగ్రాముల వెండి 5 నానోమీటర్ల కణాలుగా ఉందనుకుంటే, 50 నానోమోల్ పాదరసం చేరినప్పుడు కణానికి సగటున రెండు పాదరసపు అయాన్లు అందుతాయి. తాగునీటి హద్దయిన 5 నానోమోల్ దగ్గర ఐదు కణాలకు ఒక్క అయాన్ వంతున పడుతుంది. తక్కిన నాలుగింటికి ఏమీ జరగదు, శిఖరం కదలకపోవడంలో వింత లేదు. వెండిని పదో వంతుకు తగ్గిస్తే మళ్లీ కణానికి రెండు అయాన్లు వస్తాయి. అయితే రంగు కూడా పదో వంతుకు పలచబడుతుంది. మామూలుగా సెంటీమీటరు వెడల్పున్న పాత్రకు బదులు పది సెంటీమీటర్ల పొడవైన పాత్రలో కాంతిని పంపితే ఆ నష్టం తీరుతుంది, శిఖరం మొదటి ఎత్తులోనే కనిపిస్తుంది. పలచని ద్రవంలో అయాన్లు, కణాలు ఎదురుపడడం తగ్గి చర్య నెమ్మదిస్తుంది కాబట్టి ఎక్కువసేపు వేచి ఉండాలి; అంతసేపూ కణాలు గుమిగూడకుండా బంక కాపు కాయాలి. హిమాయత్ సాగర్ నీటికి ఈ ఏర్పాటును వాడదలచినవారు, వానాకాలపు తొలి వరదనీటితోనూ ఎండకాలపు అడుగంటిన నీటితోనూ, పాదరసం లేదని పెద్ద యంత్రం ధ్రువీకరించిన నమూనాల మీద ముందుగా శిఖరాన్ని గీసుకుని, తెలిసిన మోతాదులో పాదరసం చేర్చి అది ఎంత తగ్గుతుందో, ఎటు జరుగుతుందో విడివిడిగా పట్టికలు వేసుకోవాలి. బంక కొత్త విడత వచ్చిన ప్రతిసారీ ఆ పట్టికలు మళ్లీ వేయాలి.